తెలియని మాటకు తెలిసిన దారి: కోలారు సీమలో పఠన బోధన చరిత్ర

చదువుతుండగా ఎదురైన కొత్త మాటకు అర్థం పట్టుకోవడం పిల్లలకు నేర్పడం ఏ బడికైనా ఉన్న పనే. కోలారు సీమలో మాత్రం చదువు ఆ పనితోనే మొదలవుతుంది. కర్ణాటకకు తూర్పు కొసన, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులను ఆనుకుని ఉన్న జిల్లా ఇది. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో ఇంటి మాట ఎక్కువగా తెలుగు, బడి మాట కన్నడం. కోలారు బంగారు గనుల ఊళ్ళలో వీధి మాట తమిళం. చాలా ముస్లిం ఇళ్ళలో ఉర్దూ. గనులు నడిచిన రోజుల్లో కంపెనీ కాగితాల్లో ఇంగ్లీషు. 2007 దాకా ఈ జిల్లాలోనే ఉన్న చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలకూ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి చోట పిల్లవాడు మొదటి వాచకం తెరిచినప్పుడే సగం మాటలు కొత్తగా కనిపిస్తాయి. వాటిని విప్పే విద్యను ఇక్కడి పంతుళ్ళు, పండితులు, నిఘంటుకారులు, పాఠ్యపుస్తక రచయితలు తరతరాలుగా రకరకాలుగా నేర్పుతూ వచ్చారు.

కూలిమఠం, అమరం

మైసూరు సీమలో పాతకాలపు బడిని కూలిమఠం అనేవారు. తెలుగు నాట దానికి సమానమైనది వీధిబడి. రెండింటిలోనూ పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్ది, ఆ తర్వాత పలక మీదికి, తాటాకు మీదికి వెళ్ళేవారు. కావ్యం చదవబోయే పిల్లవాడు ముందు అమరకోశం వల్లె వేయాలి. మూడు కాండలుగా ఉన్న ఈ సంస్కృత నిఘంటువులో మాటలు అక్షర క్రమంలో ఉండవు, విషయాన్ని బట్టి వర్గాలుగా ఉంటాయి. ఆకాశానికి సంబంధించినవి ఒక చోట, భూమికి సంబంధించినవి ఒక చోట, నీటివి ఒక చోట. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం ఇదే పద్ధతిని తెలుగు మాటలకు తెచ్చింది. దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గాలతో పాటు ఒకే మాటకు పలు అర్థాలు చెప్పే నానార్థ వర్గం కూడా అందులో ఉంది.

వల్లె వేయడం ఒక్కటే ఆ చదువు అనుకుంటే పొరపాటు. కంఠస్థమైన మాటలను పద్యంలో గుర్తుపట్టించడానికి వ్యాఖ్యాన సంప్రదాయం ఒక వరుస ఏర్పరిచింది. మొదట పదచ్ఛేదం, అంటే సంధులు విప్పి మాటలను వేరు చేయడం. తర్వాత ఒక్కో మాటకు అర్థం చెప్పడం. ఆ పైన సమాసానికి విగ్రహవాక్యం, మాటలన్నిటినీ వాక్యంగా కూర్చే అన్వయం, చివరికి సందేహం లేవనెత్తి సమాధానం చెప్పడం. అన్వయంలో రెండు దారులుండేవి. మాటలను వచన క్రమంలో పేర్చుకుంటూ పోయేది దండాన్వయం. ముందు కర్తనూ క్రియనూ పట్టుకుని, ఎవరు, ఎలాంటివాడు, దేనిని, ఎందుకు అని ప్రశ్నలు వేసుకుంటూ తక్కిన మాటలను చేర్చుకునేది ఖండాన్వయం. మెదక్ ప్రాంతంలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్యానాలు ఈ విద్యకు దేశమంతటా పేరు తెచ్చాయి.

ఒక చిన్న మాటతో ఈ పద్ధతి తెలుస్తుంది. వనజాక్షి అన్న మాట ఎదురైతే పిల్లవాడు ముందు వనజ, అక్షి అని విడదీస్తాడు. అక్షి అంటే కన్ను. వనజ అంటే వనంలో పుట్టినది. వనం అంటే అడవి అని వాడికి తెలుసు. అడవిలో పుట్టిన కన్ను అంటే మాట పొసగదు. అప్పుడు అమరంలోని నీటి వర్గం గుర్తుకు రావాలి. అక్కడ నీటికి ఉన్న పేర్లలో వనం ఒకటి. నీటిలో పుట్టినది తామర, కాబట్టి తామరల వంటి కన్నులు గలది. విడదీయడం, తెలిసిన అర్థం పెట్టి చూడడం, పొసగకపోతే దాన్ని వదిలి ఇంకో అర్థం వెతకడం, చివరికి మొత్తం మాటకు సరిపోయిందో లేదో సరిచూసుకోవడం అనే నాలుగు పనులూ ఆ ఒక్క మాటలో జరిగాయి. ఆధునిక బోధనశాస్త్రం పఠన వ్యూహాలంటూ నేర్పేవి చాలావరకు ఇవే.

పుస్తకం ముట్టని వారికి ఇదే పని చెవి ద్వారా జరిగింది. చింతామణి దగ్గరి కైవారంలో యోగి నారేయణ, జనం నోట నారాయణ తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతకం, కాలజ్ఞానం చెప్పాడు. గాజులమ్మే కులంలో పుట్టిన ఆయన మాటలు భజన కూటాల్లో రెండు భాషల వారికీ చేరాయి. తాత్త్విక పదాలు ఇక్కడి పల్లెల్లో ఎందరికో ముందు పాటగా తెలిశాయి, ఆ తర్వాతే అక్షరాల్లో కనిపించాయి. చెవికి తెలిసిన మాటను కంటితో గుర్తుపట్టడం కొత్త మాటను నేర్చుకోవడం కంటే ఎంతో సులువు.

అకారాది క్రమం వచ్చాక

19వ శతాబ్ది మొదట్లో నిఘంటువు రూపం మారింది. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపికలో తెలుగు మాటలను అకారాది క్రమంలో పేర్చాడు. మద్రాసులోని ఫోర్టు సెంట్ జార్జి కాలేజీ వాతావరణంలో ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు వెలువరించాడు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో అచ్చయ్యాయి. కన్నడానికి విలియం రీవ్ నిఘంటువులు 1824లోనూ 1832లోనూ, ఫెర్డినాండ్ కిట్టెల్ మహా నిఘంటువు 1894లోనూ వచ్చాయి.

వర్గ నిఘంటువు నుంచి అకారాది నిఘంటువుకు మారడంతో చదివేవాడి పని మారింది. అమరం నేర్చినవాడు నిఘంటువును తలలో మోసేవాడు, అర్థం కోసం చదువు ఆపాల్సిన పని ఉండేది కాదు. అకారాది నిఘంటువు బరువు దించింది గాని, మాట కనబడగానే పుస్తకం తిరగేసే అలవాటును కూడా తెచ్చింది. పైగా అందులో వెతకాలంటే మాట మూలరూపం ముందే తెలియాలి. వెళ్ళాడు అన్న మాటకు అర్థం కావాలంటే వెళ్ళు దగ్గర చూడాలి, పాముల అన్నదానికి పాము దగ్గర. ప్రత్యయం ఊడదీయడం రాని పిల్లవాడికి నిఘంటువు మూసిన తలుపే. అందుకే పదచ్ఛేదం పాతబడలేదు.

మైసూరు రాజ్యంలో బి. లూయిస్ రైస్ ఈ రెండు యుగాలనూ కలిపిన మనిషి. విద్యాశాఖలో ఉండగా 1868లో మొదలైన హోబళి (తాలూకాలో ఒక భాగం) బడుల పథకంతో సర్కారు చదువును పల్లెలకు చేర్చిన వారిలో ఆయన ముఖ్యుడు. అమరకోశానికి ఇంగ్లీషు, కన్నడ అర్థాలు చేర్చి ప్రచురించాడు. ఆయన శాసన సంపుటాల వరుస ఎపిగ్రాఫియా కర్ణాటికాలో పదో సంపుటం కోలారు జిల్లాది, 1905లో వెలువడింది. అరిగిపోయిన రాతి మీద సగం మాత్రమే కనిపించే మాటను ముందు వెనుకల మాటలతో, పొరుగు ఊరి శాసనంలోని అలాంటి వాక్యంతో పోల్చి చదవడం శాసన పరిశోధకుడి నిత్యకృత్యం. బడిపిల్లవాడు చేసే పనీ ఇదే, కొంచెం చిన్న ఎత్తున.

పాలు, హాలు

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో క్యాంప్‌బెల్ వ్యాకరణానికి రాసిన వ్యాసంలో తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని, ఒకే కుటుంబానికి చెందినవని చూపించాడు. నలభై ఏళ్ళ తర్వాత 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ దానికి శాస్త్ర రూపమిచ్చాడు. టి. బరో, ఎం.బి. ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో, దాని సవరించిన ముద్రణ 1984లో వచ్చాయి. పండితుల కోసం జరిగిన ఈ పని కోలారు పిల్లవాడికి నేరుగా పనికొచ్చేది.

తెలుగులో మాట మొదట్లో ఉన్న ప కారం ఆధునిక కన్నడంలో చాలాచోట్ల హ కారమైంది. పాలు హాలు అయింది. పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పది హత్తు, పత్తి హత్తి, పొగ హొగె, పొలం హొల, పంది హంది, పల్లి హళ్ళి. జిల్లాలో ఊళ్ళ పేర్లు చదివితే చాలు ఈ సూత్రం కళ్ళకు కడుతుంది. పల్లి అంతంలో ఉన్న ఊళ్ళూ హళ్ళి అంతంలో ఉన్న ఊళ్ళూ ఒకే రోడ్డు మీద వరుసగా వస్తాయి.

రెండో సూత్రం చ కారానిది. కన్నడంలో ఇ, ఎ అచ్చుల ముందు నిలిచిన క కారం తెలుగులో చ కారమైంది. కివి చెవి, కెరె చెరువు, కెడు చెడు. మూడోది అక్షరాల చోటు మారడం. కన్నడంలో రెండో చోట ఉన్న ర, ళ తెలుగులో మొదటికి జరిగాయి. ఎరడు రెండు, ఒరళు రోలు, ఎళె లేత. ఎళనీరు అన్న మాట విన్న తెలుగు పిల్లవాడికి అది లేత కాయలోని నీరని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఈ ఒక్క సూత్రం తెలిస్తే.

ఈ పోలిక ఇంకో మేలు చేస్తుంది. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, ఈ హ కారం లేదు, అక్కడ పాల్, పులి, పూ, పెసర్ అనే ఉంటాయి. ఇంట్లో కన్నడమే మాట్లాడే పిల్లలు పాత కావ్యభాగం ముందు తడబడే చోట తెలుగు, తమిళ ఇళ్ళ పిల్లలకు మాటలు చుట్టాల్లా ఎదురవుతాయి. తోటివాళ్ళ కంటే వెనుకబడ్డానని కుంగిపోయే పిల్లవాడికి ఆ పాఠం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. ఇంటి భాషను చదువుకు అడ్డంగా చూడడం ఎంత తప్పో ఆ ఒక్క పాఠం నిరూపిస్తుంది. ఈ సీమ తన పిల్లల ద్వారానే దానికి సాక్ష్యం చూపింది. మాలూరు తాలూకాలో 1891లో పుట్టిన మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇంటి మాట తమిళం. కన్నడ కథకు పెద్ద దిక్కై, 1983 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నాడు. అప్పటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తెలుగు ఇంటి బిడ్డ.

గనుల ఊళ్ళో మాటలు

1802లో సరిహద్దు సర్వే కోసం వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఊరిగాం, మారికుప్పం పరిసరాల్లో జనం మట్టి కడిగి బంగారం తీస్తున్నారని రాశాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగాక ఛాంపియన్ రీఫ్, మైసూరు, ఊరిగాం, నందిదుర్గ గనులు వెలిశాయి. 1894లో రైలు మారికుప్పం చేరింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి తమిళులు, ఆ జిల్లాలోనే భాగంగా ఉండి 1911లో విడివడిన చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు, చుట్టుపక్కల కన్నడిగులు గని పనికి వచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది.

ఆ లోతుకు దిగేవాళ్ళ నోట షాఫ్టు, కేజి, లెవెలు, స్కిప్పు అన్నవి వాడుక మాటలయ్యాయి. ఎవరూ నిఘంటువు చూసి నేర్చుకోలేదు. వస్తువును చూస్తూ, పని చేస్తూ, పక్కవాడు అనగా విని నేర్చుకున్నారు. కార్మికుల వరస ఇళ్ళు లైన్లయ్యాయి, బంగారం తీసేసిన బూడిదరంగు మట్టి గుట్టలు సైనైడు దిబ్బలయ్యాయి. లైన్లలో పెరిగిన పిల్లలకు ఈ ఇంగ్లీషు మాటల అర్థం ముందే తెలుసు, అక్షరాలు తర్వాత వచ్చాయి.

తెలియని మాటను తెలిసిన మాటగా మార్చుకోవడానికి ఈ సీమలో పెద్ద గుర్తు ఒక ఊరి పేరే. 1862 నుంచి 1870 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న ఎల్.బి. బౌరింగ్ పేరు మీద ఒక రైలు స్టేషనుకూ దాని చుట్టూ పెరిగిన ఊరికీ బౌరింగ్‌పేట అని పేరొచ్చింది. జనానికి బౌరింగ్ ఎవరో తెలియదు, బంగారం తెలుసు. గనులకు వెళ్ళే రైలు అక్కడే మళ్ళుతుంది. నేడు ఆ ఊరు బంగారుపేట. వినబడిన దానిని పరిసరంతో పొసగించుకోవడం మనిషికి సహజమని, అలా దొరికిన అర్థం ఎంత నమ్మకంగా తోచినా మూలానికి దూరం కావచ్చని ఈ పేరు నేర్పుతుంది.

పొరుగు భాషల మధ్య ఇలాంటి గోతులు ఇంకా ఉన్నాయి. గనుల సీమలో పిల్లవాడికి మొదట ఎదురయ్యేది చిన్నద గణి. తెలుగు చెవికి అది చిన్న గని. కన్నడంలో చిన్న అంటే బంగారం. ఇక్కడ పరిసరం సాయం చేయదు, చిన్న గని అన్నా వాక్యం నిలుస్తుంది. సాయం చేసేది వ్యాకరణం. చిన్నద అన్న మాట చివర ద అనే షష్ఠీ ప్రత్యయం ఉంది. అది నామవాచకానికి చేరుతుంది గనుక చిన్న ఇక్కడ ఒక వస్తువు పేరై ఉండాలి.

రెండో ఉదాహరణ చెరువుది. కెరె కోడి బిత్తు అని వాచకంలో ఉంటుంది. కెరె అంటే చెరువని ధ్వని సూత్రం చెప్పేసింది. కోడి అంటే తెలుగులో ఇంటి కోడి. చెరువులో కోడి పడిందా? ముందు వాక్యంలో నాలుగు రోజుల వాన ఉంది, తర్వాతి వాక్యంలో కింది పొలాల్లోకి పారిన నీళ్ళున్నాయి. ఈ రెంటి మధ్య పక్షికి చోటు లేదు. నిండిన చెరువు నీరు పొర్లి పోయే చోటును కన్నడంలో కోడి అంటారు. తెలుగులో దాన్నే అలుగు, కలుజు, మరవ అంటారు. చెరువులే బతుకైన ఈ కరువు సీమలో ఆ దృశ్యం పిల్లవాడికి బాగా తెలుసు. వాడికి తెలియంది ఆ దృశ్యానికి పొరుగు భాషలో ఉన్న పేరు మాత్రమే.

వాచకంలో కొత్త మాటలు

ఇంగ్లీషు వాచకాల విషయంలో భారతదేశం నుంచే ఒక పెద్ద ఆలోచన ప్రపంచానికి వెళ్ళింది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల ఇంగ్లీషు చదువును పరిశీలించి 1926లో తన నివేదిక ప్రచురించాడు. పాఠంలో కొత్త మాటలు కిక్కిరిసి ఉంటే పిల్లలు చదవలేరని, అరుదైన మాటలు తీసేసి, మిగిలిన కొత్త మాటలను పలచగా పరచి, ఒక్కోదాన్ని పలుమార్లు వాడాలని చెప్పాడు. తరచుగా వాడే ఇంగ్లీషు మాటల జాబితాను 1953లో వెలువరించాడు. తర్వాతి పరిశోధన దీనికి లెక్క చేర్చింది. బాటియా లాఫర్ 1989లో పాఠంలోని మాటల్లో 95 శాతం తెలిసి ఉంటేనే అర్థం సాగుతుందని చూపింది. హు, నేషన్ 2000లో చేసిన పరిశోధనలో ఆ హద్దు 98 శాతం దాకా వెళ్ళింది. అంటే నూటికి రెండు మూడు మాటలు తెలియకపోతే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు, ఇరవై తెలియకపోతే ఊహకు ఆధారమే ఉండదు.

సరిహద్దు జిల్లాలకు ఈ లెక్క చాలా ముఖ్యం. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని చెప్పింది. కర్ణాటకలో తెలుగు, తమిళ, ఉర్దూ మాధ్యమాలకూ చోటుంది. అయినా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎక్కువ మంది కన్నడ బడికి, ఇటీవల ఇంగ్లీషు బడికి వెళ్తున్నారు. వారికి మొదటి రోజు తెలిసిన మాటల శాతం ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. పాఠం చివర కొత్త మాటలు–అర్థాలు అని ఒక పట్టిక, దాన్ని బట్టీ పట్టించే గైడు ఉన్నంత మాత్రాన ఆ లోటు తీరదు. పట్టిక ఆ పాఠంలోని మాటకే పనికొస్తుంది, రేపు ఎదురయ్యే మాటకు దారి చూపదు.

పల్లె మాటను పుస్తకంలోకి తేవడానికి తెలుగులో జరిగిన గొప్ప ప్రయత్నం మాండలిక వృత్తి పదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాటల కోసం జరిగిన పని. కోలారు తెలుగుకు అలాంటి కోశం ఉంటే ఇక్కడి బడికి అంతకంటే మంచి కానుక ఉండదు. మైసూరులో 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థ, బెంగళూరులో 1963 నుంచి పనిచేస్తున్న దక్షిణ భారత ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఉపాధ్యాయ శిక్షణకు కొత్త పద్ధతులు తెచ్చాయి.

కోలారు సరిహద్దుకు ఆవల, మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ పాఠశాలలో ఇంకో మార్పు జరిగింది. చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం అక్కడివాళ్ళు పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. బొమ్మ, మాట, ఆట, వాక్యం మెట్లు మెట్లుగా వస్తాయి, పిల్లవాడు తన వేగంతో ఎక్కుతాడు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు దాన్ని చూసి వెళ్ళి 1995లో నలి–కలి అనే పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత అది కోలారుతో సహా కర్ణాటకలోని సర్కారు ప్రాథమిక బడులకు చేరింది. తెలుగు పల్లెల కోసం పుట్టిన పద్ధతి కన్నడ పలక మీదికి వెళ్ళింది.

మెట్ల వరుస

ఈ చరిత్ర అంతటినీ బడిలో వాడుకోదగిన వరుసగా పేర్చవచ్చు. తెలియని మాట దగ్గర ఆగిపోకుండా వాక్యం చివరిదాకా, వీలైతే తర్వాతి వాక్యం దాకా చదవడం మొదటి మెట్టు. ప్రత్యయాలు ఊడదీసి, సంధి విప్పి మాటను ముక్కలు చేయడం రెండోది. ఆ ముక్క ఉన్న తెలిసిన మాటలను గుర్తు చేసుకోవడం మూడోది. జలాశయం అన్న మాటలో ఆశయం అంటే ఆదర్శం అనుకున్న పిల్లవాడికి గర్భాశయం, మూత్రాశయం గుర్తు చేస్తే, ఆశయం అంటే ఉండే చోటు అని వాడే చెబుతాడు. ఇంటి భాషలో, పొరుగు భాషలో చుట్టం మాట ఉందేమో ధ్వని సూత్రంతో వెతకడం నాలుగోది. దొరికిన అర్థాన్ని వాక్యంలో పెట్టి సరిచూడడం అయిదోది. చిన్న, కోడి వంటి మాటలు పట్టుబడేది ఈ మెట్టు దగ్గరే. ఆరోది నిఘంటువు. ఊహించాక నిఘంటువు చూసినవాడికి ఆ అర్థం మనసులో నాటుకుంటుంది.

ఈ మెట్లు పిల్లవాడికి అబ్బాలంటే ఉపాధ్యాయుడు తాను ఆలోచించే తీరును పైకి వినిపించాలి. అర్థం ఒక్క మాటలో చెప్పేస్తే పాఠం త్వరగా అవుతుంది, విద్య మాత్రం అబ్బదు. వనజాక్షిని విప్పి చూపే అయ్యవారు చేసేదీ ఇదే, విడదీసి, పెట్టి చూసి, తీసేసి, మళ్ళీ పెట్టి చూపిస్తాడు. ఈ విద్య అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఆ ఊళ్ళ జనం రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. పిల్లల ముందు ఇప్పుడు కంప్యూటరు మాటలు, కొలువు మాటలు, అర్జీల్లోని మాటలు ఉన్నాయి. వాటిలో ఏది రేపు ఎదురవుతుందో ముందే పట్టిక రాసివ్వడం ఎవరి వల్లా కాదు. మూడు నాలుగు భాషల చెవితో పుట్టిన ఈ సీమ పిల్లలకు వాటిని విప్పే పనిముట్లు ఇంటి దగ్గరే ఉన్నాయి. వాటిని చేతికిచ్చి వాడుక నేర్పడం బడి పని.